నలుగురిలో ఒక గ్లాసు

హైదరాబాద్‌లో కోఠికీ నాంపల్లికీ మధ్య, గోషామహల్‌లో ట్రాఫిక్ పోలీసుల శిక్షణ కేంద్రం ఉంది. తాగి బండి నడుపుతూ దొరికినవాళ్లకు అక్కడ కౌన్సెలింగ్ ఇస్తారు. ఒంటరిగా వెళ్తే కుదరదు. భార్యనో తల్లినో తండ్రినో వెంటబెట్టుకుని రమ్మంటారు. తప్పు చేసినవాడి పక్కనే, ఏ తప్పూ చేయని ఇంటిమనిషి కూడా తలదించుకుని కూర్చోవాల్సి వస్తుంది. కోఠి, ఆబిడ్స్, నాంపల్లి మీద తెస్తున్న ఈ సంచిక కోసం ఆదివారం పాతపుస్తకాల సంత గురించి, నుమాయిష్ గురించి, గ్రాండ్ హోటల్ బిర్యానీ గురించి మంచి వ్యాసాలు వచ్చాయి. అవన్నీ చదువుతున్నా నా మనసు ఆ గదిని వదల్లేదు. ఇంటివాళ్లను పిలిపించడం సరైన పనే. కానీ వాళ్లు అక్కడిదాకా రాకముందే, గ్లాసు నిండేటప్పుడే పక్కన ఉండాల్సింది.

మన దగ్గర తాగడమంటే ఇంటివాళ్ల కంటపడకుండా తాగడమే. ఆబిడ్స్, నాంపల్లి బార్లలో మిట్టమధ్యాహ్నం కూడా మసక వెలుతురే. వైన్స్ పక్కన పర్మిట్ రూములో నిలబడి క్వార్టర్ ఖాళీ చేసి, వాసన రాకుండా సోంపు నమిలి ఇల్లు చేరిన తరాన్ని మనం చూశాం. దొంగచాటుగా తాగేవాడికి తొందరెక్కువ. అలాంటి తాగుడులో రుచికి చోటుండదు, ‘ఇక చాలు’ అనే మనిషీ ఉండడు.

మొజంజాహీ మార్కెట్‌కు కాస్త దూరంలోనే, నాంపల్లిలో అబ్కారీ భవన్ ఉంది. మద్యం అమ్మకాల లైసెన్సులూ మద్యనిషేధం అమలూ చూసేది ఒకే శాఖ. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా మీద తిరగబడ్డారు. కూలి డబ్బు కొంపకు చేరాలన్నదే వాళ్ల పట్టు. 1993 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా ఆగింది, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. ఆ స్త్రీల పోరాటానికి ఇవాళ్టికీ చేతులెత్తి నమస్కరిస్తాను. అయితే ముట్టకపోవడం, మత్తులో పడిపోయేదాకా తాగడం, ఈ రెండే మన కళ్లముందు కనిపించాయి. మధ్యలో ఎలా ఆగాలో నేర్పినవాళ్లు లేరు.

అమెరికా వచ్చాక పొరుగువాళ్ల ఇళ్లలో భోజనాల బల్ల మీద, పిల్లలూ తాతలూ అమ్మమ్మలూ అందరూ ఉండగా, వైన్ సీసా కనిపించింది. మన ఇళ్లలోకీ వచ్చింది. మన ఆడవాళ్లు కూడా అదే బల్ల దగ్గర కూర్చుని, ఇష్టమైతే ఒక గ్లాసు తీసుకుంటున్నారు. ఇది మంచి మార్పని నా గట్టి నమ్మకం. తిండితో కలిసినప్పుడే వైన్ గుణం తెలుస్తుంది. గోంగూర మాంసం కారానికి ఒగరెక్కువున్న రెడ్ వైన్ తోడైతే నోరు మరింత మండుతుంది. కొంచెం తీపి ఉన్న చల్లటి రీస్లింగ్ అయితే ఆ పులుపుకూ కారానికీ చక్కగా నప్పుతుంది. ఇలాంటివి తెలుసుకుంటూ తాగేవాడు గుటకలు మింగడు, నిదానంగా చప్పరిస్తాడు. వైన్ చేసేవాళ్లూ మనవాళ్లలో ఉన్నారు. హైదరాబాద్‌కు చెందిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు హంపి దగ్గర ద్రాక్షతోట వేసి ‘కృష్మా’ పేరుతో వైన్ చేస్తున్నారు. 

ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. ‘వైనే కదా’ అంటారు మనవాళ్లు. 180 మిల్లీలీటర్ల విస్కీ క్వార్టర్‌లో ఆల్కహాల్ సుమారు 77 మిల్లీలీటర్లు. 13 శాతం వైన్ సీసా మొత్తంలో అది దాదాపు 97. క్వార్టర్ పేరెత్తితేనే ఉలిక్కిపడే మనిషి, మాటల్లో పడి సీసా వైన్ ఖాళీ చేసి మామూలుగా లేచి కారు తాళాలు తీసుకుంటాడు. మహాభారతంలో శుక్రాచార్యుడంతటివాడు గిన్నెలో ఏముందో చూసుకోకుండా సురతో పాటు తన శిష్యుడు కచుడి బూడిదనూ తాగేశాడు. ఆ తర్వాతే ఆయనకు సుర మీద కోపం వచ్చింది.

ఒక గ్లాసు గుండెకు మేలన్న మాటను కూడా నేను మీకు చెప్పను. ఎంత తక్కువైనా పూర్తిగా సురక్షితమనగల మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా ప్రకటించింది. బ్రిటన్ వైద్యాధికారులు 2016 నుంచి ఆడామగా ఎవరైనా వారానికి 14 యూనిట్లు దాటవద్దంటున్నారు. అంటే వారమంతటికీ కలిపి సీసాన్నర లోపు, అదీ ఒక్క రాత్రిలో కాదు. ఆనందం కోసం తాగేవాళ్లు ఆ ఆనందానికి ఒక ధర ఉందని తెలిసే తాగాలి. బొత్తిగా తాగనివాళ్లు ఎవరికీ కారణం చెప్పుకోనక్కర్లేదు.

యువతీయువకులకు మరొక మాట. ఇండియాలో 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటాక బండి నడిపితే నేరం. ఇక్కడ అమెరికాలో చాలా రాష్ట్రాల్లో హద్దు 80, యూటాలో 50. హద్దు పెద్దదని ధీమా వద్దు. తాగి నడిపిన కేసులో అరెస్టయితే చాలు, కోర్టు తీర్పు రాకముందే వీసా రద్దు చేసే పద్ధతి 2015 నుంచి అమల్లో ఉంది. ఊళ్లో పొలం తాకట్టు పెట్టి పంపిన చదువు ఒక్క రాత్రితో ఆగిపోవచ్చు.

అందుకే ఇక్కడి మన సంఘం విందుల్లో ఇకనుంచి వడ్డన మొదలయ్యాకే వైన్ పోస్తారు. గ్లాసుకు 150 మిల్లీలీటర్లు. మజ్జిగ, నిమ్మరసం అదే బల్ల మీద, అవే గ్లాసుల్లో ఉంటాయి. వద్దన్నవాళ్లను రెండోసారి ఎవరూ అడగకూడదు. కార్యక్రమం ముగియడానికి గంట ముందే పోయడం ఆపేస్తారు. ఇళ్లకు దింపడానికి తాగని కార్యకర్తలు సిద్ధంగా ఉంటారు. కొత్తగా వచ్చిన విద్యార్థులు మొహమాటంతో దింపమని అడగరు. పెద్దవాళ్లు మీరే దగ్గరికెళ్లి, ‘బాబూ, అమ్మా, తాళాలిలా ఇవ్వండి’ అని తీసుకోండి.