ఒకే ఒరలో రెండు కత్తులు

ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవని సామెత. ఇంటి కంప్యూటరులో ఒక్క నిర్వహణ వ్యవస్థే ఉండాలనీ, రెండవదీ మూడవదీ నడుపుకోవడం పని లేనివారి వేడుక అనీ వాదించే మిత్రులు ఈ సామెతనే వల్లిస్తూ ఉంటారు. కత్తుల సంగతేమో గాని, కంప్యూటరు విషయంలో ఈ మాట ఏనాడో చెల్లిపోయింది. 1972లో ఐబీఎం వారు ప్రకటించిన వీఎం/370 ఒక పెద్ద యంత్రాన్నే పలు యంత్రాలుగా భ్రమింపజేసి, ఒక్కొక్కదానిలో ఒక్కొక్క వ్యవస్థను నడిపింది. 2005-06లలో ఇంటెల్, ఏఎండీ సంస్థలు ప్రాసెసరులోనే అందుకు వీలు కల్పించాక ఆ విద్య మన బల్లల మీదకీ వచ్చింది. వర్చువల్‌బాక్స్ ఉచితంగానే దొరుకుతున్నది. వర్చువల్ మెషీన్ అంటున్నారు. మిథ్యాయంత్రం అనడమే నాకు ఇంపు.

అయితే నా తగవు వేడుక గురించి కాదు, తెలుగు గురించి.

1990ల నుండి ఎన్నో తెలుగు పుస్తకాలు, పత్రికలు పేజ్‌మేకరులో, అను వంటి ఖతులతో కూర్చబడినాయి. ఆ ఖతులు ఆంగ్లాక్షరాల స్థానాలలో తలకట్టునూ గుడినీ వత్తునూ ముక్కలు ముక్కలుగా నింపుకున్నాయి. కంటికి అది తెలుగు. ఖతి తీసివేస్తే అర్థం లేని రోమను లిపి గుంపు. యూనికోడులో తెలుగుకు 1991లోనే చోటు దక్కినా, అచ్చుపని చాలాకాలం ఆ ముక్కలతోనే సాగింది. పేజ్‌మేకరు మాత్రం 7.0 కూర్పుతో ఆగిపోయింది.

"అన్నిటినీ యూనికోడులోకి మార్చి పాతవి పారవేస్తే సరి" అంటారు. అంత సులువా? ఒక ఖతికి రాసిన మార్పిడి పట్టిక మరొక ఖతికి సరిపోదు. మార్పిడిలో వత్తు తప్పినా, పొల్లు మాయమైనా, తప్పు పట్టడానికి మూలం కళ్ళెదుట ఉండవలె కదా! ఆ మూలాన్ని ఉన్నదున్నట్టు చూపడానికి నమ్మదగినవి అప్పటి ఖతి, అప్పటి సాఫ్టువేరు, అప్పటి విండోసు. అంతెందుకు, పాత ఖతుల వెబ్ పుటలను యూనికోడులో చూపి మనందరి మన్నన పొందిన 'పద్మ' మాటేమిటి? అదీ ఫైర్‌ఫాక్సుకు పొడిగింతగా పుట్టినదే. నవంబరు 2017లో 57వ కూర్పుతో ఫైర్‌ఫాక్సు ఆ పాత తరహా పొడిగింతలన్నిటినీ గుమ్మం దాటించింది. విముక్తి కలిగించిన పనిముట్టుకే ఇప్పుడు పాత ఇల్లు కావలసి వచ్చింది!

రెండు వ్యవస్థలను విడివిడిగా స్థాపించి, ఒకటి మూసి మరొకటి తెరుచుకుంటే చాలదా అనేవారున్నారు. చాలదు. నేటి యంత్రభాగాలకు ఎక్స్‌పీ డ్రైవర్లు దొరకడమే గగనం. దొరికినా పాత పుటా కొత్త పాఠమూ ఒకేసారి కనబడవు. మిథ్యాయంత్రంలోనైతే ఎడమ కిటికీలో పేజ్‌మేకరు పుట, కుడి కిటికీలో యూనికోడు పాఠం. పంక్తి వెంట పంక్తి సరిచూసుకోవచ్చును. ఎక్స్‌పీకి 512 మెగాబైట్ల మెమరీ ఇస్తే ధారాళం.

భద్రత మాట అడుగుతారు, న్యాయమే. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్టు మద్దతు 8 ఏప్రిల్ 2014తో ముగిసింది. ఈ విద్యలో అసలు వ్యవస్థను ఆతిథేయి అనీ, లోపల నడిచేదానిని అతిథి అనీ అంటారు. ఈ అతిథికి భోజనం పెట్టండి, వీధి తలుపు మాత్రం తీయకండి: నెట్‌వర్కు తెంపివేసి, స్నాప్‌షాటు ఒకటి దాచుకుంటే, ఏది చెడినా క్షణాలలో నిన్నటి స్థితికి రావచ్చును.

చిక్కులు లేవనను. పాత సాఫ్టువేర్లకిచ్చిన సమాంతర పోర్టు తాళాలు అన్నీ మిథ్యాయంత్రంలో పలకవు. 2020 నుండి వస్తున్న ఆపిల్ సొంత చిప్పుల మీద ఎక్స్‌పీని క్యూఈఎంయూ వంటి వాటితో అనుకరించవలసిందే, అది నత్తనడక.

మీ ఊరి డీటీపీ కేంద్రంవారో, పత్రిక నడిపి మానుకున్న మిత్రులో పాత యంత్రాన్ని తూకానికి వేస్తున్నారని తెలిస్తే, ఇనుము వారికే వదలి డిస్కు మొత్తానికి ఒక ప్రతి అడగండి. కొన్న సీడీలూ, వాటి అట్టల వెనుక ఉన్న కీ సంఖ్యలూ కూడా అడగండి.