ఫోనుని పడగొట్టిన "జ్ఞా"

2018 ఫిబ్రవరిలో ఓ వారం పాటు మన భాష పేరు ప్రపంచమంతా మోగిపోయింది. ఏ నోబెల్ బహుమతో వచ్చి కాదు. ఒకే ఒక్క తెలుగు అక్షరం మెసేజిలో పంపిస్తే ఐఫోన్ కుప్పకూలుతోందని! వాట్సాప్‌లో వస్తే వాట్సాప్, జీమెయిల్‌లో వస్తే జీమెయిల్, తెరిచిన ఆప్ తెరిచినట్టే మూసుకుపోయేది. మళ్ళీ తెరిస్తే మళ్ళీ అదే మెసేజి, మళ్ళీ అదే పతనం. అదే నోటిఫికేషన్‌గా తెర మీదకొస్తే ఇంకా ఘోరం, ఫోనే పడిపోయేది. అప్పటి ఐఓఎస్ 11.2.5 ఉన్న ఫోన్లే కాదు, మాక్, వాచ్, ఆపిల్ టీవీ అన్నిటికీ అదే జబ్బు. అల్లరి పిల్లలు ట్విట్టర్‌లో తమ పేరు పక్కన ఆ అక్షరం తగిలించుకుని తిరిగారు, వాళ్ళ ట్వీటు ఎవరి కంటబడితే వాళ్ళ ఫోను గోవిందా.

ఇంగ్లీషు పత్రికలు దానికి "తెలుగు బగ్" అని పేరు పెట్టేశాయి. మనవాళ్ళేమో మురిసిపోయారు. "తెలుగువాడి దెబ్బంటే ఇదీ", "జ్ఞానం ఎక్కువైతే ఐఫోన్ తట్టుకోలేదు" ఇలాంటి జోకులు నాకే పది రకాలొచ్చాయి. నేనూ నవ్వాను, కాదనను. కానీ ఆ వారం ఆఫీసులో కాఫీ దగ్గర ఒకాయన "ఫోన్లని చంపే భాష మీదేనా?" అని సరదాగానే అడిగాడు. అక్కడ మాత్రం నవ్వు రాలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, అక్షరం గియ్యడం చేతకాక చచ్చింది వాళ్ళ ప్రోగ్రాము, పేరేమో మన భాషకి!

ఇంతకీ ఏమైందో ముందు చూద్దాం. కొంచెం సాంకేతికం, ఓపిక పట్టండి.

చాలామంది "జ్ఞ" అనే అక్షరమే ఫోనుని కూల్చిందనుకున్నారు. కాదు. "జ్ఞానం" అని మామూలుగా రాస్తే ఏమీ కాదు, అప్పుడూ కాలేదు. మనం జ్ఞా అని టైపు చేస్తే కంప్యూటర్ లోపల దాచుకునేది నాలుగు ముక్కలు: జ, పొల్లు, ఞ, దీర్ఘం. తెర మీద గియ్యడానికొచ్చేసరికి ఈ వరుస పనికిరాదు. మూడో ముక్క ఞ ఒత్తుగా మారి కిందకి దిగాలి. నాలుగో ముక్క దీర్ఘం దాన్ని దాటుకుని వెళ్ళి జ కి అతుక్కోవాలి. మనకి రెండో తరగతిలో పంతులుగారు నేర్పిన విద్యే ఇది, కంప్యూటర్‌కి ఒక ప్రోగ్రాము నేర్పాలి. ఆపిల్‌లో ఆ ప్రోగ్రాము పేరు కోర్‌టెక్స్ట్.

ఇప్పుడు ఐదో ముక్క ఒకటుంది. కంటికి కనపడదు. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. లేఖినిలో రాసేవాళ్ళకి టోపీ గుర్తు అంటే ఠక్కున అర్థమవుతుంది. "సాఫ్ట్‌వేర్" అని రాయాలంటే ట్ తర్వాత అది ఉండాలి, లేకపోతే వ కాస్తా ఒత్తై కిందకి పోయి "సాఫ్ట్వేర్" అని వికారంగా తయారవుతుంది. ఇంగ్లీషు మాటలు ఇంత విరివిగా వాడే మనకి ఆ కనపడని గుర్తు లేకుండా పూట గడవదు. ఆ వారం తిరిగిన మెసేజిలో ఈ గుర్తు ఞ కీ దీర్ఘానికీ మధ్య దూరింది. అక్కడ దానికేం పని లేదు. బుద్ధున్న ప్రోగ్రామైతే దాన్ని పట్టించుకోకుండా పోవాలి, లేదా దీర్ఘాన్ని విడిగా గీసి ఊరుకోవాలి. కోర్‌టెక్స్ట్ మాత్రం ఆ వరుస మార్చే గారడీలో ఎక్కడో అడ్డం తిరిగింది.

ఎక్కడ? అది ఆపిల్ వాళ్ళకే తెలుసు. నాకు మండేది ఇక్కడే.

అప్పట్లో మొజిల్లాలో పనిచేస్తున్న మనీష్ గోరెగావ్కర్ అనే ఇంజనీరు కూర్చుని, రకరకాల అక్షరాలు మార్చి మార్చి ఇచ్చి చూసి, ఇది ఒక్క తెలుగు గొడవ కాదనీ, బెంగాలీ, దేవనాగరి అక్షరాలతో కూడా ఇలాగే కూలుతుందనీ తేల్చి రాశాడు. మూడు లిపులకి మూడు వేర్వేరు ఫాంట్లు. అన్నిటిలోనూ ఒకటే రోగమంటే తప్పు ఫాంటుది కాదు, గీసే యంత్రానిది. (ఫాంటంటే గుర్తొచ్చింది, ఆపిల్ వస్తువుల్లో ఉండే "తెలుగు సంగం ఎం.ఎన్." ఫాంటులో ఎం.ఎన్. అంటే ముత్తు నెడుమారన్, మలేషియా తమిళుడు. ఆయనకి మనం ఓ నమస్కారం బాకీ.) ఆ మనీష్ అంత తెలివైనవాడు కూడా మూసిన పెట్టె బయట నిలబడి, తట్టి చూసి, లోపల ఏముందో ఊహించాల్సి వచ్చింది.

మరి ఆపిల్ ఏం చెప్పింది? ఫిబ్రవరి 19న 11.2.6 విడుదల చేసింది. దాని వివరణలో, కొన్ని అక్షరాల వరుసల వల్ల ఆప్‌లు కూలే సమస్యని సరిచేశామని ఒక ముక్క. భద్రతా వివరాల్లో ఇంకో రెండు ముక్కలు: దురుద్దేశంతో తయారుచేసిన అక్షరాల వరుస వల్ల మెమరీ పాడవ్వొచ్చు, ఇన్‌పుట్ తనిఖీ మెరుగుపరిచాం. అంతే. తెలుగు అన్న మాటే లేదు. ఫోను కొన్న తెలుగువాడికి తన భాష విషయంలో దక్కిన సంజాయిషీ మొత్తం ఇదే.

"వారం తిరక్కుండా సరిచేశారు కదా, ఇంకేం కావాలి?" అని మీరు అడగొచ్చు. నిజమే, త్వరగానే చేశారు. ఎందుకు చేశారో ఆలోచించండి. ఆ అక్షరం న్యూయార్క్‌లో ఉన్న ఇంగ్లీషు దొరగారి ఫోనుని కూడా కూల్చింది కనక. కేవలం తెలుగు చదివేవాళ్ళకే కనిపించే తప్పయి ఉంటే? ఒత్తు పక్కకి జరిగి పడిందనుకోండి, గుడి వెళ్ళి పై వరుసలో అక్షరాన్ని గుద్దుకుందనుకోండి, ఎవడి ఫోనూ కూలదు. చదివే మనకే కంట్లో నలుసు. దానికి అత్యవసర విడుదలలు ఉండవు. ఫిర్యాదు పెడితే అది ఎవరు చూశారో, ఎప్పుడు చూస్తారో బయటివాడికి తెలిసే దారి లేదు. అందరినీ ఇబ్బంది పెట్టిన తెలుగు తప్పుకి వారం. మనల్ని మాత్రమే ఇబ్బంది పెట్టే తప్పుకి ఎన్నేళ్ళు?

పోనీ ఆ ఫోనులోనే వేరే బ్రౌజర్ పెట్టుకుందామా అంటే అదీ కుదరదు. ఐఫోన్‌లో ఫైర్‌ఫాక్స్ వేసినా క్రోమ్ వేసినా పైన చొక్కా మాత్రమే వేరు, లోపల ఒళ్ళు ఆపిల్ వారి వెబ్‌కిట్టే. అక్షరాలు గీసేది మళ్ళీ ఆ కోర్‌టెక్స్టే. 2024లో ఐరోపా యూనియన్ చట్టం పుణ్యమా అని అక్కడ మాత్రం తలుపు కొంచెం తెరవాల్సి వచ్చింది. అది కూడా వ్యాపార పోటీ కోసం తెచ్చిన చట్టం. ఎవరి భాష కోసమూ కాదు.

ఇది ఒకసారి జరిగి పోయినదీ కాదు. 2015 మేలో అరబ్బీ అక్షరాలు కలిసిన మెసేజి ఒకటి ఐఫోన్లని కూల్చింది. 2020 ఏప్రిల్‌లో సింధీ అక్షరాలూ ఇటలీ జెండా కలిసిన మెసేజి మళ్ళీ కూల్చింది. అరబ్బీ, తెలుగు, సింధీ. వరుస చూస్తే మీకేమనిపిస్తోంది? కుట్ర అని నేననను. పరీక్షించేటప్పుడు మన లిపులు ఎవరికీ గుర్తుకు రావు, అంతే. పంక్తిలో చివర కూర్చున్నవాడికి పప్పు అడుగంటినట్టు.

తెరిచిన పెట్టె ఎలా ఉంటుందో కూడా చూద్దాం. హర్ఫ్‌బజ్ అని ఒక ప్రోగ్రాము ఉంది. కోర్‌టెక్స్ట్ చేసే పనే ఇదీ చేస్తుంది. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్ అన్నీ తెలుగు గియ్యడానికి దీన్నే వాడతాయి (ఐఫోన్‌లో ఉండే క్రోమ్, ఫైర్‌ఫాక్స్ తప్ప, పైన చెప్పిన కారణంతో). దీన్ని ఇప్పుడున్న రూపానికి తెచ్చింది బెహ్దాద్ ఎస్ఫహ్‌బోద్ అనే ఇరానీయుడు. ఆ పేరు కూడా పారశీకమే, హర్ఫ్ అంటే అక్షరం, బాజ్ అంటే తెరిచినది. ఆయనకి తెలుగు రాదు. మరి మన ఒత్తులు సరిగ్గా పడుతున్నాయో లేదో ఎలా తెలుసుకున్నాడు? వికీపీడియా నుంచి ఏ భాష మాటలు ఆ భాషలో పోగేసి, తన ప్రోగ్రాము గీసిన తీరునీ మైక్రోసాఫ్ట్ వారిది గీసిన తీరునీ పోల్చుకుంటూ పోయాడు. మార్పు చేసినప్పుడల్లా లెక్క రాసి పెట్టేవాడు. తెలుగు లెక్క నాకు బాగా గుర్తు: 9 లక్షల 70 వేల పైచిలుకు మాటల్లో తేడా వచ్చినవి 18.

మీరు ఇది గమనించాలి. ఆ మాటలు ఎక్కడివి? 2003 డిసెంబరులో వెన్న నాగార్జున గారు మొదలుపెట్టిన తెలుగు వికీపీడియాలో మనవాళ్ళు రాత్రుళ్ళు కూర్చుని టైపు చేసినవి. "ఊరి పేర్లు ఎక్కించడం కూడా ఒక పనేనా" అని ఎగతాళి చేసినవాళ్ళు నాకు తెలుసు. ఆ పోగైన మాటలే కోట్లాది ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు సరిగ్గా పడుతోందా లేదా అని తూచే తూకపురాళ్ళయ్యాయి. పెట్టె తెరిచి ఉంది కనకే ఇది సాధ్యమైంది. మూసిన పెట్టెలోకి మన రాత్రుళ్ళు వెళ్ళవు.

తెరిచినదంతా బంగారమని నేను చెప్పడంలేదు. 2010 ప్రాంతంలో ఆండ్రాయిడ్ ఫోను కొన్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, తెలుగు ఉండాల్సిన చోట వరసగా డబ్బాలు. కోడు తెరిచే ఉన్నా తెలుగు లేదు. ఒపెరా మినీ దించుకుని, దాని అడ్రసు గడిలో ఒపెరా కాన్ఫిగ్ అని కొట్టి, క్లిష్టమైన లిపులని బొమ్మలుగా చూపించమని "ఎస్" పెట్టుకుంటే తప్ప ఈనాడు కనపడేది కాదు. అంతకు ముందు తరానికి విండోస్ ఎక్స్‌పీ సీడీ వెతుక్కోవడం తెలుసు, కంట్రోల్ పానెల్‌లో టిక్కు పెడితే సీడీ అడిగేది కదా. అదంతా దాటి వచ్చాం. దాటించింది కంపెనీల దయ ఒక్కటే కాదు. పోతన, వేమన ఫాంట్లు చేసి ఊరికే ఇచ్చిన తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు, లేఖిని చేసిన వీవెన్, ఇలాంటివాళ్ళు చెయ్యేసి లాగితే బండి కదిలింది.

ఇప్పుడు ఆ చేతులు ఎన్ని ఉన్నాయి? నాకు నిజంగా కోపం వచ్చేది ఆపిల్ మీద కంటే ఇక్కడే. 2011 జనాభా లెక్కల్లో తెలుగువాళ్ళు 8 కోట్ల 11 లక్షలు, మలయాళీలు 3 కోట్ల 48 లక్షలు. మనలో సగం కూడా లేని మలయాళీలు స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ అని ఒక గుంపుగా ఏర్పడి, మీరా, రచన, మంజరి లాంటి ఫాంట్లని ఏళ్ళ తరబడి పెంచి పోషిస్తున్నారు. మనమో? అమెరికాలో ఏ ప్రోగ్రామర్ల గుంపులోకి రాయి విసిరినా తెలుగువాడికి తగులుతుందని మనమే గొప్పలు చెప్పుకుంటాం. ఆ గుంపులోంచి హర్ఫ్‌బజ్‌లో తెలుగు భాగాన్ని ఒక్కసారైనా తెరిచి చూసినవాళ్ళు ఎంతమంది? రెండేళ్ళకోసారి మహాసభలకి సినిమా తారలని విమానాల్లో దింపే మన సంఘాలు, ఆ ఖర్చులో ఓ మూల ముక్కతో ఇద్దరు కుర్రాళ్ళకి జీతమిచ్చి, ఏడాది పాటు తెలుగు అక్షరాల తప్పులు మాత్రమే చూడమంటే ఏం పోతుంది? రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ బళ్ళకీ ఆఫీసులకీ యంత్రాలు కొనేటప్పుడు "తెలుగు గీసే కోడు చూపించండి, లేదా తప్పు దొరికితే ఇన్ని రోజుల్లో సరిచేస్తామని రాసివ్వండి" అని టెండరులో ఒక వాక్యం పెట్టొచ్చు. పెద్ద కొనుగోలుదారు అడిగితే కంపెనీలు వింటాయి. మనం ఒక్కొక్కళ్ళం అడిగితే వినవు.

ఆపిల్ వాళ్ళు హర్ఫ్‌బజ్ వాడుకోవడానికి అడ్డేమీ లేదు, దాని లైసెన్సు అంత ఉదారమైనది. అడోబీ అంతటి మూసిన దుకాణమే ఇన్‌డిజైన్‌లో దాన్ని తెచ్చి పెట్టుకుంది. అచ్చు పుస్తకాల వాళ్ళు యూనికోడ్ వైపు ధైర్యంగా రావడానికి అదీ ఒక కారణం.

ఐఫోన్ పారెయ్యమని నేను ఎవరికీ చెప్పను, మా ఇంట్లోనూ రెండున్నాయి. కానీ కాస్త కంప్యూటర్ తెలిసినవాళ్ళకి ఒక పని చెప్తా. లినక్స్‌లో గానీ మాక్‌లో గానీ హర్ఫ్‌బజ్ వేసుకుంటే దాంతోపాటు హెచ్‌బీ-వ్యూ అనే చిన్న పనిముట్టు వస్తుంది. ఒక ఫాంటూ ఒక మాటా ఇస్తే బొమ్మ గీసి చూపిస్తుంది. కార్త్స్న్యం, స్త్రీ, రాష్ట్రీయ లాంటి మూడూ అంతకంటే ఎక్కువ హల్లులు కలిసిన మాటలు ఇచ్చి చూడండి. మీ అమ్మానాన్నల పేర్లు ఇచ్చి చూడండి. ఎక్కడైనా ఒత్తు తప్పుగా పడితే ఆ బొమ్మా, ఎలా ఉండాలో ఇంకో బొమ్మా జతచేసి వాళ్ళ గిట్‌హబ్ పేజీలో రెండు వాక్యాలు ఇంగ్లీషులో రాయండి. అవతల చదివేవాడికి తెలుగు రాదు కాబట్టి, ఏది ఒత్తో ఏది గుడో బాణం గుర్తు పెట్టి మరీ చూపించండి.