ఉమ్మడి నాటక రచన - వాక్కు ఎవరిది, వ్రాత ఎవరిది?

నాటకము ఒక్కని చేతి పని యను భావమును మనకు అలవరచినది అచ్చు పుస్తకము. రంగస్థల చరిత్రను పరిశీలించినచో సత్యము వేరుగా గోచరించును. దూరదూరముల నున్న పలువురు అంతర్జాలములో ఒకే ప్రతిపై కూడి నాటకము వ్రాయుటకు నేడు వీలు కలిగినది. ఇది అపూర్వమైన పద్ధతి యని కొందరును, రచనకు చేటు తెచ్చునని మరికొందరును అనుచున్నారు. నా దృష్టిలో ఈ రెండును సరియైనవి కావు. ఉమ్మడి రచన మనకు పాతదే. క్రొత్తది, ఎవరి పాలు ఎంతయో తెలుపు జాడ నిలిచియుండుట. ఆ జాడను ఎంతవరకు నమ్మవచ్చునన్నదే విచారింపదగిన విషయము.

తిరుపతి వేంకట కవుల భారత నాటకములను తీసికొందము. దివాకర్ల తిరుపతిశాస్త్రి 1920లో గతించిన తరువాత గూడ చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి జంట పేరును విడనాడలేదు. ఏ పద్యము ఎవరిదను ప్రశ్నకు ఆ పేరే సమాధానము. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావులు కలిసి రచించిన 'మా భూమి' కూడ ఇట్టిదే. ప్రజానాట్యమండలి దానిని ఊరూర ప్రదర్శించినది. ఈ రెండు సందర్భములందును కర్తలు ఇష్టపూర్వకముగా పేర్లను కలుపుకొనిరి; కనుక ఎవరికిని అన్యాయము జరుగలేదు.

అన్ని ఉమ్మడి రచనలును ఇట్లు ఇష్టపూర్వకముగా పుట్టినవి కావు. బలిజేపల్లి లక్ష్మీకాంతము గారి హరిశ్చంద్ర నాటకమున కాటిసీనులో నటులు గుఱ్ఱం జాషువ గారి శ్మశానవాటి పద్యములను చేర్చి పాడుచు వచ్చిరి. ఆ పద్యములు లేని కాటిసీను ప్రేక్షకులకు వెలితిగా తోచునంతగా అవి అందులో కలిసిపోయినవి. నాటకమునకు ఇది లాభమే. కాని విన్నవారిలో ఎందరు వానిని జాషువవిగా నెరిగిరి? అస్పృశ్యత వలన అవమానములు పడిన కవి పద్యములు వేల రాత్రులు మ్రోగినను, పేరు మాత్రము తెర వెనుక నుండిపోయినది. కర్తృత్వ నిర్ణయము పండితుల వినోదము కాదు, న్యాయ విషయ మనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

ఈ ప్రశ్న తెలుగునాటికే పరిమితము కాదు. ఛత్తీస్‌గఢ్‌లో హబీబ్ తన్వీర్ నాచా నటుల ఆశుసంభాషణలను, పాటలను ఆధారము చేసికొని నాటకములను నిర్మించెను. 1975 నాటి 'చరణ్‌దాస్ చోర్'కు మూలకథ రాజస్థానీ రచయిత విజయ్‌దాన్ దేథాది, పలుకుబడి, ఆటపాటలు ఛత్తీస్‌గఢీ నటులవి, కూర్పు తన్వీరుది. వ్రాయనివారు గూడ నాటకమునకు కర్తలు కాగలరని ఆ రంగస్థలము చూపినది.

ఆ ప్రాంతమందలి బిలాస్‌పూర్‌ను గూర్చి ఇచట చెప్పవలసియున్నది. సత్యదేవ్ దుబే, శంకర్ శేష్ వంటి నాటక ప్రముఖులు పుట్టిన ఊరది. ఒకప్పుడు వాల్తేరు, బిలాస్‌పూర్ రెండును బెంగాల్-నాగపూర్ రైల్వేలోనివే. 2003 నుండి బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానము. రైల్వే కొలువులతో వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు అచ్చట కలవు. అట్టి కుటుంబము ఉగాదికి ఒక చిన్న నాటకము వ్రాయదలచినదనుకొందము. ఒకరికి పగటి డ్యూటీ, మరొకరికి రాత్రి డ్యూటీ. పెదనాన్నగారు విశాఖపట్టణమున, మేనత్త శ్రీకాకుళమున నుందురు. అందరును ఒక్కచోట కూర్చుండుట దుర్లభము. ఎవరి తీరిక వేళ వారు వ్రాయగల ఉమ్మడి ప్రతి ఇట్టివారికి వరము.

అయితే చిక్కు ఇచటనే కలదు. కమ్మని తెలుగు నాయనమ్మ నోట నున్నది. మీటలు నొక్కు నేర్పు మనుమని వ్రేళ్ల నున్నది. ఆమె పలికిన సామెతను అతడు ప్రతిలో చేర్చును. యంత్రము ఆ పంక్తిని మనుమని పేర నమోదు చేయును. దానికి తెలిసినది వ్రాసిన చేయి మాత్రమే. పలికిన నోరు కాదు. జాడ లేని కాలమున జాషువ పేరు మరుగుపడినది. జాడ యున్న ఈ కాలమున నాయనమ్మ పేరు మరుగుపడును. మొదటిదానికంటె రెండవది ప్రమాదకరము, ఏలయన తప్పుజాడ సాక్ష్యమువలె కనిపించును.

కావున నా మనవి యిది. ఉమ్మడిగా నాటకము వ్రాయువారు సంభాషణలను ముందు గొంతులతో పలికి, ఆ ధ్వనిని భద్రపరచవలెను. హిందీ, ఛత్తీస్‌గఢీ మాటలు కలిసిన అచ్చటి తెలుగును దిద్దక, పలికినది పలికినట్లే ఉంచవలెను. ప్రతి రంగమునకు వాక్కు ఎవరిదో, వ్రాత ఎవరిదో తెలుపు పట్టిక యొకటి చేతితోనైనను వ్రాసికొనవలెను. చిత్తుప్రతులను ఏ సంస్థ యంత్రములకో విడిచిపెట్టక, విశ్వవిద్యాలయ శాఖలు తమ భాండాగారములందు నిలుపవలెను.

పలువురు వ్రాసినచో ఏకత్వము చెడునను ఆక్షేపణ కలదు. అది నిజమే. కాని మన అవధానమును చూడుడు: పృచ్ఛకులు పలువురు, ధారణ ఒక్కనిది. ఉమ్మడి నాటకమునకును అట్టి సూత్రధారి యొకడు తుది కూర్పు బాధ్యత వహింపవలెను. పట్టికలు పెట్టినచో తగవులు పుట్టునని మరియొక శంక. ముఖపత్రముపై అందరును ఒకే పేరు దాల్చవచ్చును. జంటకవులు చూపిన మర్యాద అది. పట్టిక మాత్రము భాండాగారమున నుండవలెను. పేరును పంచుకొనుట ఔదార్యము. అడుగకయే ఒకరి పేరును తుడిచివేయుట ఔదార్యము కాదు. ఈ భేదమును గుర్తించినప్పుడే అంతర్జాలము మన నాటకమునకు మేలు చేయును.