కుక్కరు కూత నేరమా?

ఈమధ్య ఎవరిని కదిపినా కాన్ఫరెన్సు కాల్ మర్యాదల మీద ఉపదేశాలే. వెనకాల కుక్కరు కూయకూడదట, పిల్లాడు ఏడవకూడదట, పక్కింటి టీవీ వినపడకూడదట. ఇవన్నీ ఎవరికి చెబుతున్నారో గమనించారా? ఇంట్లోంచి ఉద్యోగం చేసుకునే కోడలికి, సెల్‌ఫోన్ పట్టుకుని వాకిట్లో కూర్చున్న మహిళా సంఘం అక్కయ్యకి, అంగన్‌వాడీ టీచరుకీను. కాల్ పెట్టిన పెద్దమనిషికి మాత్రం ఏ మర్యాదా వర్తించదు!

పదింటికన్న కాల్ పదీ నలభైకి మొదలవుతుంది. అందాకా "వినపడుతోందా సార్?" అనుకుంటూ కాచుక్కూచోవాలి. తీరా ఆయన వచ్చి, గంటసేపు తానొక్కడే మాట్లాడి, "డౌట్లేమైనా ఉన్నాయా?" అని, జవాబు వచ్చేలోగా పెట్టేస్తాడు. ఇంకొందరు సరిగ్గా పొయ్యి వెలిగించే వేళే చూసుకుంటారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి ఆఫీసు మన ఇంట్లో కాలుపెట్టింది. వచ్చిన చుట్టమే ఇంటివాళ్ళని "సప్పుడు చెయ్యకుండ్రి" అని గదమాయించడం ఎక్కడి మర్యాదండీ?

సిరిసిల్లకి వెళ్ళి చూడండి. సాంచాల మోతలో ఎదుటి మనిషి మాటే వినపడదు. 2017లో బతుకమ్మ చీరల పంపకం మొదలైనప్పుడు వాటిలో కొన్నిటిని నేసింది ఈ సాంచాలే. అలాంటి ఊరికి ఆర్డరు సంగతి మాట్లాడ్డానికి ఫోన్ చేసి "ఏమిటా రొద?" అని విసుక్కుంటే ఏమనాలి? ఆ రొదే మీరడిగిన సరుకు, బాబూ!

అసలు జగిత్యాల, కోరుట్ల ఇళ్ళకి పదిమంది కలిసి మాట్లాడే ఫోను కొత్తదేం కాదు. దుబాయి నుంచో మస్కట్ నుంచో ఫోన్ వస్తుందంటే, ఫోనున్న ఇంటికో ఎస్.టి.డి. బూతుకో ఇంటిల్లిపాదీ పరుగెత్తిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. ముందు బాపు, తరవాత అవ్వ, ఆ తరవాత అన్న, బావ. నిమిషాలన్నీ కరిగిపోయాక రిసీవరు భార్య చేతికి వచ్చేది. అందరూ చూస్తుండగా "మంచిగున్నవా?" అనేలోగా లైను కట్! పైగా ఆ ఓపికకి అణకువ అని పేరు పెట్టి మెచ్చుకున్నారు. ఇప్పుడు నిమిషాల లెక్క పోయింది గానీ ఆ వరస పోలేదు. ఆఫీసు కాల్‌లోనూ మనవంతు చివరికే, అదీ టైముంటే. నోరు మెదపని ఆవిడకి ఇప్పుడిస్తున్న బిరుదు "ప్రొఫెషనల్".

మ్యూట్ వద్దనడం లేదు నేను. ఇరవైమంది వింటుండగా మన మిక్సీ మోత వాళ్ళకెందుకు? మాట్లాడనప్పుడు నొక్కుకోవలసిందే. అయితే మన వేలు బటన్ మీద ఉన్నప్పుడు సారుగారి చూపు గడియారం మీద ఉండాలి. ఊళ్ళో తిరిగి పనిచేసేవాళ్ళని ముందు మాట్లాడనివ్వాలి. ఈసారి కాల్ మొదలవగానే అడగండి, "ఎన్నింటికి ముగిస్తారు సార్?" అని. ఒక్కరడిగితే విసుక్కుంటారేమో. పదిమందీ అడిగితే టైము చెప్పక ఏంచేస్తారు?