ఇల్లు గురుకులం కాదు

ఆస్తిక కుటుంబాలలో ఇటీవల ఒక సంకల్పం ప్రబలుతున్నది. నాలుగైదేండ్ల బిడ్డను బడికి పంపక ఇంటిలోనే చదివించాలి, ఇంటినే గురుకులంగా తీర్చాలి అన్నది ఆ సంకల్పం. దాని వెనుకనున్న వేదన సత్యమైనదే. మూడేండ్లు నిండీ నిండకమునుపే శిశువును నిద్రలేపి, మెడకు టై బిగించి, బస్సెక్కించి, మాతృభాషలో మాట్లాడడం తప్పని నేర్పే పద్ధతిని శాస్త్రమూ సమర్థించదు, లోకానుభవమూ సమర్థించదు. 2020 నాటి జాతీయ విద్యావిధానం సైతం ఒకటవ తరగతికి ఆరేండ్ల వయస్సునే చెప్పింది. వీలైనచోట కనీసం అయిదవ తరగతి వరకు మాతృభాషలో బోధన జరగాలన్నది. కనుక ఇక్కడి ఆక్షేపణ బడిని విడిచిపెట్టడం మీద కాదు. విడిచిపెట్టిన తరువాత ఇంటిలో నెలకొల్పుతున్నదాని మీద.

ఏమిటది? గోడకొక కాలపట్టిక. ఎనిమిది గంటలకు శ్లోకాలు, తొమ్మిదికి గణితం, పదికి సంస్కృతం, పదకొండుకు ‘వేదం’. ఆ వేదం చెప్పేది ఫోను. చెప్పించవలసిన తండ్రి పక్కగదిలో తన ఉద్యోగంలో మునిగి ఉంటాడు. సాయంకాలం బిడ్డచేత పురుషసూక్తంలో నాలుగు మంత్రాలు చెప్పించి, వీడియో తీసి, బంధుమిత్రులందరికీ వాట్సాప్‌లో పంపుతారు. ప్రశంసలు వచ్చిపడతాయి. మారినది వేషం మాత్రమే. టై పోయి పంచె వచ్చింది, ప్రోగ్రెస్ కార్డు పోయి వీడియో వచ్చింది. పోటీ, ప్రదర్శన, తొందర అనే మూడు దోషాలూ బిడ్డ వెంటే ఇంటికి నడచివచ్చాయి.

‘గురుకులం’ అన్న పదాన్ని ఇంత తేలికగా వాడడమే మొదటి అపచారం. గురుకులమంటే గురువు ఇల్లు. బిడ్డ తండ్రి ఇంటిని విడిచి వెళ్ళేది అక్కడికి. తండ్రి ఇంటికే ఆ పేరు తగిలించడం పదార్థజ్ఞానలోపం. ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయాన్ని చూడాలి. ఉద్దాలక ఆరుణి సామాన్యుడు కాడు, బ్రహ్మవిద్యనే ఉపదేశించగలిగిన మహనీయుడు. అయినా కుమారుడైన శ్వేతకేతువును వేదాధ్యయనం కోసం పన్నెండవ యేట బయటికే పంపాడు. ఇరువది నాలుగవ యేట సర్వవేదాలూ చదివి, చదువుతోపాటు గర్వాన్నీ మోసుకొని కొడుకు తిరిగివచ్చిన తరువాత తండ్రి తన బోధ మొదలుపెట్టాడు. అప్పుడాయన వాడుకొన్న సామగ్రి ఏమిటి? ఒక మర్రిపండు. ఒక ఉప్పుగడ్డ, పాత్రలో కాసిని నీళ్ళు. పండును చిదమమన్నాడు, లోపలి గింజను చిదమమన్నాడు, ఏమి కనబడుతున్నదని అడిగాడు. ఉప్పును నీటిలో వేసి మరునాటి ఉదయం రమ్మన్నాడు. పైన, నడుమ, అడుగున రుచి చూడమన్నాడు.

ఇంటిచదువుకు కావలసిన విధానమంతా ఈ ఆఖ్యానంలో ఉన్నది. బయట నేర్వవలసినదేదో, ఇంటిలో నేర్పవలసినదేదో ఆ తండ్రికి స్పష్టంగా తెలుసు. ఇంటిలో నేర్పినదానిని ఇంటిలో దొరికే వస్తువులతో నేర్పాడు. ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగాడు. ఉప్పు కరగడానికి ఒక రాత్రి కావాలంటే ఆ రాత్రంతా ఆగాడు. నేటి కాలపట్టికలో ఆ రాత్రికి చోటెక్కడ?

ఇక ఫోనుతో వేదం సంగతి. ఉదాత్తానుదాత్తస్వరితాలు చెవితో పట్టుకోవలసినవే కదా, వినిపిస్తే చాలదా అని వాదించేవారున్నారు. చాలదు. సంత చెప్పేటప్పుడు గురువు ఒకసారి పలికితే శిష్యుడు రెండుసార్లు పలుకుతాడు. ఆ రెండింటినీ గురువు వింటాడు. అధ్యయనానికి ప్రాణం ఆ వినడంలో ఉన్నది. యంత్రం పలుకుతుంది, వినదు. హ్రస్వం దీర్ఘమైతే ఆపదు, స్వరం జారితే మరల చెప్పించదు. ఆరునెలలు నాలుకమీద స్థిరపడిన అపస్వరాన్ని దిద్దడం కొత్తగా నేర్పడం కంటె కష్టమన్నది వేదపాఠశాలలలో అధ్యాపకులందరూ ఎరిగిన విషయం. వ్రాతను చూచి పఠించేవానినే పాణినీయ శిక్ష అధమపాఠకులలో చేర్చింది. తప్పును వినేవాడే లేని పాఠకుని ఎక్కడ చేర్చాలి?

అసలు అయిదేండ్ల బిడ్డకు ఆ తొందర ఎందుకు? చౌలం తరువాత లిపి, సంఖ్య నేర్పాలని రాజకుమారుని విషయంలో కౌటిల్యుడు చెప్పాడు. అయిదవ యేట అక్షరాభ్యాసమన్నది పెద్దలు పాటించిన క్రమం. ఉపనయనం, దానితో వేదారంభం ఆపైన. నర్సరీ ప్రవేశాల పుణ్యమా అని ఇప్పుడు మూడవ యేటనే బిడ్డలను బాసరకు తీసుకువెళుతున్నారు. పలక మీద వ్రేలు నిలువక వెక్కివెక్కి ఏడ్చే పసివాళ్ళను ప్రతి వసంతపంచమికీ చూచే అర్చకులకు ఈ తొందర ఫలితం వేరే చెప్పనక్కరలేదు.

మరి ఇంటిచదువు ఎక్కడ ఆరంభం కావాలి? తల్లిదండ్రుల వద్ద. బిడ్డకు పాఠం చెప్పకమునుపు మూడు మాసాలు తండ్రి తనను తాను పరీక్షించుకోవాలి. సూర్యోదయానికి ముందు లేవగలడా? ఫోను ముట్టక బిడ్డ పక్కన ఒక గంట కూర్చోగలడా? తనకు తెలియనిదానిని తెలియదని ఒప్పుకొని, బిడ్డతో కలిసి వెదకగలడా? చాలా ఇళ్ళలో జరుగుతున్నది వేరు. తండ్రి సంకల్పం చెబుతాడు, వ్రతమంతా తల్లి చేస్తుంది. వంట, అత్తమామల సేవ, చంకలో చంటిబిడ్డ, వీటిపైన గురుత్వం. నాలుగు మాసాలకు ఆమె విసుగు పెద్దబిడ్డ వీపు మీద పడుతుంది. ధర్మరక్షణ అన్న పెద్దమాటతో ఈ భారాన్ని కప్పిపెట్టడం అధర్మం. ఊయలలోనే బిడ్డలకు ఆత్మజ్ఞానం బోధించిన మదాలసను మార్కండేయ పురాణం నుండి ఉదహరించే తండ్రులు ఆ కథలో మిగిలిన సగం మరచిపోతారు. నాలుగవవాడైన అలర్కునికి రాజధర్మం నేర్పమని భర్త కోరితే ఆమె అదీ నేర్పింది. రెండూ ఆమె ఎరిగిన విద్యలే.

మొదటి సంవత్సరానికి రోజుకు గంట, గంటన్నర పాఠం చాలు. అదీ పాఠమని బిడ్డకు తెలియనవసరం లేదు. శుక్లపక్షంలో సాయంసంధ్యవేళ, కృష్ణపక్షంలో తెల్లవారుజామున బిడ్డకు చంద్రుని చూపించి, ఆ ఆకారాన్ని సుద్దతో నేలమీద గీయించాలి. విదియ నెలవంకతో మొదలుపెడితే ఒక్క మాసంలో తిథుల పేర్లు, లెక్కింపు, వృద్ధిక్షయాలు మూడూ వస్తాయి. అమావాస్యనాడు చంద్రుడెక్కడికి పోయాడన్న ప్రశ్న బిడ్డే అడుగుతాడు. వెంటనే జవాబు చెప్పకూడదు. నైవేద్యానికి బియ్యం కొలిచేది బిడ్డే కావాలి: రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. సగమూ రెట్టింపూ ముందు చేతికి వచ్చి, ఆ తరువాత అంకెలలోకి వస్తాయి. వామనగుంటలకు మించిన సంకలన వ్యవకలనాల పుస్తకం ఈ వయస్సుకు లేదు. అక్షరాలను కాగితానికి ముందు పళ్ళెంలోని బియ్యంలో దిద్దించాలి. వాల్మీకి మొదటి సర్గలోని 100 శ్లోకాలను మూడు రోజులకొకటి చొప్పున నోటికి చెప్పినా ఏడాది తిరగకముందే పూర్తవుతాయి. రాత్రి కథ చెప్పి, మరునాడు ఆ కథను బిడ్డచేతనే తిరిగి చెప్పించాలి. ఇంటిలో వాక్యానికి మూడు ఆంగ్లపదాలు దొర్లుతూ ఉంటే ఇవేవీ ఫలించవు. ఆ సంస్కారం పెద్దలకే ముందు కావాలి.

లౌకికాన్ని ఉపేక్షించడం వైరాగ్యం కాదు. ఆరు నుండి పదునాలుగేండ్ల బిడ్డలను బడిలో చేర్పించడం తల్లిదండ్రుల కర్తవ్యమని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతున్నది. గృహవిద్యను పేరెత్తి అనుమతించలేదు, పేరెత్తి నిషేధించనూ లేదు. 2012 నాటి సవరణ వేదపాఠశాలలను ఆ చట్టం నుండి మినహాయించింది; పూజగది గుమ్మానికి వేదపాఠశాల అని పేరు వ్రాసినంతమాత్రాన ఆ మినహాయింపు ఇంటికి వస్తుందనుకోవడం భ్రమ. ఎన్‌ఐఓఎస్ అనే జాతీయ సార్వత్రిక విద్యాసంస్థలో 3, 5, 8 తరగతులకు సమానమైన స్థాయిలున్నాయి. పదవ తరగతికి సమానమైన పరీక్షకు 14 ఏండ్లు నిండాలి. ఈ మార్గాన్ని మొదటే విచారించుకోక, దేవుడే చూసుకుంటాడని బిడ్డను పదేండ్లు ఏ పత్రమూ లేకుండా ఇంట్లో ఉంచేవారు తమ భారాన్ని దేవుని మీద మోపుతున్నారు, అంతే.

ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే ఇంటిలో ఈ ప్రయత్నమే వద్దు. తెలుగు నేర్పే మంచి బడిలో బిడ్డను వేసి, సాయంకాలం దీపం పెట్టిన తరువాత ఒక గంట నిజంగా బిడ్డకిస్తే, పైన చెప్పినవన్నీ ఆ గంటలోనే సాగుతాయి. అంతకంటె అపరాధభావం అక్కరలేదు.

ఇంట్లో చదివించేవారికి మరొక్క మాట. బిడ్డ సంస్కారం చెడుతుందని వీధిలోని పిల్లలతో ఆడనివ్వక, ఆ పిల్లలు ఎవరివారు, ఏ బడివారు అని ఏరివేతకు దిగే పెద్దలు కొందరున్నారు. అయిదేండ్ల బిడ్డకు కోతికొమ్మచ్చి ఆడడానికి జోడీ కావాలి. తాతగారు ఎంతటి పండితులైనా చెట్టెక్కలేరు.