పెద్దల సండే స్కూల్లో నోరు విప్పుదాం

ఆదివారం ఆరాధనకు ముందు మన పల్లె చర్చిల్లో పెద్దలకు బైబిలు క్లాసు జరుగుతుంది. ఆడోళ్లు ఒక పక్క, మగోళ్లు ఒక పక్క. ముందు ఒకాయన నిలబడి చెప్తాడు, మిగతావాళ్లు 'ఆమెన్' అంటారు. ప్రశ్న లేదు, జవాబు లేదు. దీన్ని బైబిలు స్టడీ అందామా? మేం అనం.

సండే స్కూలు పెరిగిందే చదువు దొరకని కూలోళ్ల కోసం. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్‌లో రాబర్ట్ రైక్స్ బడి పెట్టింది వారమంతా పనిలో నలిగే పేదపిల్లలకు చదవడం నేర్పడానికి. 1798లో నాటింగ్‌హామ్‌లో పెద్దల బడి మొదలైంది లేసు, మేజోళ్ల పనిచేసే ఆడకూలీల కోసం. అక్షరం చేతికిచ్చిన బడిని మన దగ్గర తల వంచి వినే బడి చేశారు.

మన తాతలు ఇట్లా లేరు. 1866లో బాప్తిస్మం తీసుకున్న ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం చేసే మాదిగ. తాను విన్న మాటను తనవాళ్ల మధ్య ఊరూరా తిరిగి చెప్పాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. క్లౌ దొర పేరు అందరికీ తెలుసు. నీళ్లలో దిగి బాప్తిస్మాలిచ్చింది మాత్రం తెలుగు బోధకులు.

ఇప్పుడు క్లాసుల్లో ఏం చదువుతున్నారు? అధికారులకు లోబడమనే రోమా 13, యజమానులకు లోబడమనే ఎఫెసీ 6. మళ్లీ మళ్లీ అవే. చేను కోసినోళ్ల కూలి ఎగ్గొట్టిన ధనవంతుల్ని కడిగేసిన యాకోబు 5 ఎందుకు తెరవరు? అప్పులకు పొలాలు తాకట్టు పెట్టి, బిడ్డల్ని దాస్యానికి పంపిన జనం మొరపెడితే, పొలాలు తిరిగి ఇచ్చెయ్యమని పెద్దల్ని నిలదీసిన నెహెమ్యా 5 ఎందుకు చదవరు? నాబోతు ద్రాక్షతోట కథ చెప్పినా, అహాబు రాజు పాపాత్ముడని ముగిస్తారు. అసైన్డ్ భూమి పోగొట్టుకున్నోడు ఆ చాప మీదే కూచుని ఉంటాడు. వాడి సంగతి ఎవరూ అడగరు.

అడిగితే 'చర్చిలోకి రాజకీయాలు తేవద్దు' అంటారు. ఎన్నికలప్పుడు దొరగారికి దండ వేసి ప్రార్థన చేయించింది రాజకీయం కాదా? కూలి సంగతి ఎత్తితేనే రాజకీయమా?

ఇక సహవాసం. ఒకే బాప్తిస్మం, మాలలకొక చర్చి, మాదిగలకొక చర్చి. పిల్లనిచ్చే మాటొస్తే కులమే ముందు. అంతియొకయలో అన్యజనులతో కలిసి తింటున్న పేతురు, యాకోబు దగ్గర్నించి మనుషులు రాగానే వెనక్కి తగ్గి వేరయ్యాడు. పౌలు అందరి ముందే అతన్ని నిలదీశాడని గలతీ 2 చెప్తుంది. మన సంఘాల్లో నిలదీసేదెవరు? ఊరు మనల్ని బంతిలోంచి లేపిందని మండిపడే మనం మనలోనే బంతులు వేరు చేసుకుంటే దాన్ని సహవాసం అనలేం.

క్లాసులో చదవాల్సిన కాగితం ఇంకొకటుంది. అది 1950 రాష్ట్రపతి ఉత్తర్వులోని 3వ పేరా. హిందువు కానివాడు ఎస్సీ కాదంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు, క్రైస్తవుల్ని చేర్చలేదు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ పేరా తీసెయ్యమంది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవంలోకి మారినవారికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల చట్టం వర్తించదంది. కులం పేరుతో తిట్టేవాడు మన మతం అడిగి తిడతాడా?

అక్కలారా, అన్నలారా! వచ్చే ఆదివారం నుంచే మొదలుపెడదాం. వంతులవారీగా అందరం చదువుదాం. చదువురాని అమ్మకు ముందు అక్షరాలు నేర్పుదాం. ప్రతి పాఠం తర్వాత ఆడోళ్లనే ముందు మాట్లాడనిద్దాం. నెలకొక ఆదివారం రెండు పల్లెలూ ఒకే చోట చదివి, కలిసి వండుకుని, ఒకే బంతిలో కూచుందాం. పాస్టరుగారు వస్తే సంతోషం, మన పక్కనే చాప మీద చోటుంది. రాకపోతే పుస్తకం మన చేతుల్లోనే ఉంది.