1974 లెక్క ఇంకా తేలలేదు

రైల్వే సమ్మె ప్రస్తావన రాగానే తరచు వినిపించే సమాధానం ఒకటున్నది. "అది పాత కథ. తీసివేసిన వారిని 1977లోనే తిరిగి పనిలోకి తీసుకున్నారు. ఆ లెక్క అప్పుడే తేలిపోయింది. మానిన పుండును మళ్లీ రేపడం దేనికి?" ఈ మాట అధికారుల నోట వస్తే మాకు ఆశ్చర్యం లేదు. కాని మన సోదరుల నోట కూడా వస్తున్నది. అందువల్ల దీనికి బహిరంగంగా జవాబు చెప్పక తప్పదు. ఆ లెక్క తేలలేదని, దానిని తేల్చే బాధ్యత ప్రభుత్వం కంటె ముందు మనమీదనే ఉన్నదని మేము నిర్ద్వంద్వంగా చెబుతున్నాము.

ముందు జరిగినదేమిటో గుర్తు చేసుకుందాము. 1974 ఫిబ్రవరిలో రైల్వే సంఘాలు జాతీయ సమన్వయ సమితిగా ఏర్పడినాయి. ఎనిమిది గంటల పని, బోనస్, ప్రభుత్వరంగ పరిశ్రమలతో సమాన వేతనాలు, క్యాజువల్ కార్మికుల ఖాయం, ఇవీ కోరికలు. సంప్రదింపులు సాగుతుండగానే మే 2న సమితి నాయకుడు జార్జి ఫెర్నాండెజ్‌ను లక్నోలో అరెస్టు చేశారు. మే 8న సమ్మె ప్రారంభమైంది. ఇరవై రోజులు సాగి, పాశవికమైన దమనకాండ మధ్య ఆగింది. 1971 యుద్ధకాలంలో విధించిన అత్యవసర పరిస్థితి అప్పటికి ఇంకా ఎత్తివేయలేదు. భారత రక్షణ నిబంధనల కింద సమ్మె చట్టవిరుద్ధమని ప్రకటించారు. మీసా కింద కార్మికులను జైళ్లకు పంపారు. సరిహద్దుకు అవతలి శత్రువు కోసం చేసిన నిబంధనలు ఇంజను నడిపేవాడిమీద ప్రయోగించారు.

ఖరగ్‌పూర్‌నే చూడండి. బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ ఊరిని తన జంక్షన్ కోసం, వర్క్‌షాపు కోసం పెంచింది. శ్రీకాకుళం, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల నుంచి తెలుగు కుటుంబాలు ఆ పట్టాల వెంటనే ఇక్కడికి చేరినాయి. మథురాకాటిలో, నిమ్‌పురాలో, గోల్‌బజారులో తరతరాలుగా తెలుగు వినిపిస్తూనే ఉన్నది. ఇటువంటి రైల్వే పట్టణంలో ఇల్లు రైల్వేది, ఆస్పత్రి రైల్వేది, కుళాయి నీరు రైల్వేది. ఇక్కడ యజమానీ, ఇంటి యజమానీ ఒక్కడే. ఉద్యోగం ఊడితే జీతంతోపాటు నెత్తిమీద కప్పు కూడా పోతుంది. 1974 మే నెలలో దేశంలోని రైల్వే కాలనీలలో క్వార్టర్లు ఖాళీ చేయించడాన్ని ఒక ఆయుధంగా వాడడానికి కారణం ఇదే. శిక్ష కార్మికునితో ఆగలేదు, అతని పొయ్యి వరకు వెళ్లింది.

ఈ లైను కార్మికులకు మరొక చేదు కూడా మిగిలింది. 1920లలో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను సంఘటితపరిచిన వి.వి. గిరి బరంపురంలో పుట్టిన తెలుగువాడు. 1927 ఖరగ్‌పూర్ సమ్మె నాటి తరానికి నాయకుడు. 1974 మే నెలలో ఆయనే భారత రాష్ట్రపతి. మంత్రిమండలి సలహాకు రాష్ట్రపతి బద్ధుడన్న మాట నిజమే. ఆయనను నిందించడం మా ఉద్దేశం కాదు. మనవాడు పీఠంమీద ఉండడం వేరు, మన హక్కు చట్టంలో ఉండడం వేరు. ఆ తేడాను ఆ నెల మనకు నేర్పింది.

ఇక న్యాయం సంగతి. నిరంకుశ పాలన అంతరించి కొత్త పాలన వచ్చినప్పుడు, పాత అన్యాయాలకు చెల్లించవలసిన బాకీని న్యాయవేత్తలు సంధికాల న్యాయం అంటున్నారు. దానికి నాలుగు అంగాలున్నాయి. జరిగినది జరిగినట్లు రికార్డు చేయడం మొదటిది. దోషులను విచారించడం రెండవది. బాధితుల నష్టం పూడ్చడం మూడవది. అదే అన్యాయం తిరిగి జరగకుండా చట్టాలను, సంస్థలను మార్చడం నాలుగవది. 1977లో రైల్వే కార్మికునికి ఇందులో ఎన్ని దక్కినాయి?

మూడవదానిలో కొంత దక్కింది. మధు దండవతే రైల్వే మంత్రిగా, తొలగించిన వారిని తిరిగి తీసుకోవడానికి ఉత్తర్వులు వచ్చినాయి. 1979లో ఉత్పాదకతతో ముడిపెట్టిన బోనస్ కూడా వచ్చింది. ఇవి చిన్న విజయాలు కావు. వాటిని మేము తక్కువ చేయడం లేదు. కాని ఆ మూడేళ్లలో తాకట్టుపడిన పుస్తెలకు, చదువు మానిన పిల్లలకు, వైద్యం లేక పోయిన ప్రాణాలకు ఏ ఉత్తర్వు సమాధానం చెప్పింది? హాజరు పుస్తకంలోనే పేరు లేని క్యాజువల్ కార్మికుడిని ఏ ఉత్తర్వు వెతికి వెనక్కి పిలుస్తుంది?

మొదటి రెండు అంగాలు అసలే దక్కలేదు. 1977 మే 28న జస్టిస్ జె.సి. షా అధ్యక్షతన విచారణ కమిషన్ ఏర్పడింది. లక్షకు పైగా మందిని విచారణ లేకుండా నిర్బంధించారని, మీసా కింద 34,988 మంది, రక్షణ నిబంధనల కింద 75,818 మంది అని ఆ కమిషన్ లెక్క తేల్చింది. ఎంతో విలువైన పని. అయితే దానికి అప్పగించిన కాలం 1975 జూన్ 25 నాటి ప్రకటనతోను, దానికి కాస్త ముందు రోజులతోను మొదలైంది. 1974 మే నెల ఆ గీతకు అవతల ఉండిపోయింది.

కీలకం ఇక్కడే ఉన్నది. ఎమర్జెన్సీకి తేదీ నిర్ణయించింది ఎవరు? నాయకులను అర్ధరాత్రి అరెస్టు చేసిన రోజు నుంచి దేశం ఆ చీకటిని లెక్కపెట్టింది. రైల్వే కార్మికునికి ఆ అర్ధరాత్రి ఏడాది ముందే వచ్చింది. అవే జైళ్లు, అవే చట్టాలు, అవే పద్ధతులు. 1974లో కార్మికునిమీద సాధన చేసిన కత్తినే 1975లో యావద్దేశంమీద ఎత్తారు. 1974 మే నెలలో దేశం మేలుకొని ఉంటే 1975 జూన్ అంత సులభంగా వచ్చేది కాదని మా విశ్వాసం. 2024లో కేంద్ర ప్రభుత్వం జూన్ 25ను రాజ్యాంగ హత్యా దినంగా ప్రకటించింది. కొన్ని రాష్ట్రాలు మీసా ఖైదీలకు గౌరవ పింఛన్లు ఇచ్చినాయి. పాలకులారా, మే 8కి మీ పంచాంగంలో చోటేదీ?

నాలుగవ అంగం మాటేమిటి? 44వ రాజ్యాంగ సవరణ జీవించే హక్కును అత్యవసర పరిస్థితిలో కూడా రద్దు చేయరాదన్నది. అది మేలైన సవరణ. కాని 1974లో కార్మికుని మెడకు బిగించిన ఉరితాడును ఎవరూ తెంపలేదు. రైల్వే క్రమశిక్షణ నిబంధనలలోని 14(ii) నిబంధన అలాగే ఉండిపోయింది. విచారణ జరపడం సాధ్యం కాదని అధికారి కాగితంమీద రాస్తే చాలు, ఆరోపణ పత్రం లేకుండా, జవాబు వినకుండా ఉద్యోగిని తొలగించవచ్చు. 1981లో లోకో రన్నింగ్ సిబ్బంది సమ్మె చేసినప్పుడు అదే నిబంధనను మళ్లీ బయటకు తీశారు. 1985లో తులసీరాం పటేల్ కేసులో సుప్రీంకోర్టు ఇటువంటి అధికారం రాజ్యాంగబద్ధమే అన్నది. 1981లో తొలగించిన వారిని తిరిగి తీసుకోవాలని సుప్రీంకోర్టు రెడ్డప్ప కేసులో ఆదేశించేటప్పటికి 1993 వచ్చింది. పన్నెండేళ్లు! 1977లో లెక్క తేలిపోయిందనే సోదరులు 1981కి ఏమి జవాబు చెబుతారు? కత్తిని అక్కడే ఉంచి గాయానికి మాత్రం కట్టుకట్టారు. పాలకుని దయగా వచ్చినది పాలకుడు మారగానే పోయింది.

ప్రభుత్వాలు ఈ పని పూర్తి చేస్తాయని ఎదురుచూడడం వృథా. షా కమిషన్ నివేదికనే చూడండి. 1980లో ప్రభుత్వం మారగానే కేసులు మూలపడినాయి, నివేదిక ప్రతులు కనుమరుగైనాయి. 2010లో ఇరా సెళియన్ తన వద్దనున్న ప్రతిని తిరిగి అచ్చువేయించినందువల్ల అది మళ్లీ ప్రజల చేతికి వచ్చింది. ప్రభుత్వం పోగొట్టినదాన్ని ఒక పౌరుని అలమర కాపాడింది.

ఆంధ్రప్రదేశ్‌లో ఎమర్జెన్సీ కాలపు ఎన్‌కౌంటర్ల నిజాన్ని వెలికి తీసినది కూడా పౌరులే. 1975 జులైలో గిరాయిపల్లి అడవిలో చంపబడిన విద్యార్థుల ఉదంతాన్ని 1977లో తార్కుండే కమిటీ ఊరూరా తిరిగి విచారించింది. ఆ ఒత్తిడివల్లనే భార్గవ కమిషన్ ఏర్పడింది. న్యాయవాది కె.జి. కన్నబిరాన్ దాని ఎదుట బాధితుల పక్షాన వాదించారు. విచారణ రహస్యంగా జరగాలని ప్రభుత్వం పట్టుబట్టింది. చివరకు కమిషన్ పని అసంపూర్ణంగా ఆగిపోయింది. కాని కమిటీ సేకరించిన సాక్ష్యం నిలిచింది. పశ్చిమ బెంగాల్‌లో 1974లో పోలీసు నిర్బంధంలో చిత్రహింసలకు గురైన అర్చనా గుహ 1977లో ఫిర్యాదు చేసి, తన సోదరుని అండతో 1996 వరకు పోరాడి పోలీసు అధికారికి శిక్ష వేయించారు. సానుభూతిగల ప్రభుత్వం ఉన్న రాష్ట్రంలోనే ఇందుకు పందొమ్మిదేళ్లు పట్టింది.

మన ఖరగ్‌పూర్ పొలిమేరలోనే ఇంతకంటె పాత పాఠమున్నది. 1931 సెప్టెంబరు 16న హిజ్లీ నిర్బంధ శిబిరంలో నిరాయుధ ఖైదీలమీద కాల్పులు జరిపి సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తాలను చంపారు. తప్పంతా ఖైదీలదేనని సర్కారు చెప్పబోయింది. కలకత్తా ప్రజలు ఊరుకోలేదు. రవీంద్రనాథ్ ఠాగూర్ బహిరంగ సభలో నిరసన పలికారు. సుభాస్ చంద్ర బోస్ హిజ్లీకి వచ్చారు. విదేశీ ప్రభుత్వం సైతం విచారణ సంఘాన్ని వేయక తప్పలేదు. విచక్షణ లేని ఆ కాల్పులకు సమర్థన లేదని ఆ సంఘమే తేల్చింది. 1951లో ఆ భవనంలోనే ఐఐటీ ప్రారంభమైంది. ఆ గోడలు నేటికీ సాక్ష్యం చెబుతున్నాయి. మరి 1974కు సాక్ష్యం చెప్పే గోడ ఈ పట్టణంలో ఎక్కడున్నది?

"పౌర సమాజమంటే న్యాయవాదులు, ఆచార్యులు కదా, యూనియన్లకు అందులో ఏమి పని?" అని అడిగేవారున్నారు. అర్జెంటీనాలో ఫోర్డు కర్మాగారానికి చెందిన 24 మంది కార్మికుల అపహరణకు, చిత్రహింసలకు తోడ్పడిన ఇద్దరు మాజీ కంపెనీ అధికారులకు 2018లో శిక్ష పడింది. నేరం జరిగి నలభై ఏళ్లు దాటినా సాక్ష్యం సజీవంగా ఉన్నదంటే ఆ కార్మికులూ, వారి కుటుంబాలూ దాన్ని కాపాడినందువల్లనే. బ్రెజిల్‌లో సైనిక పాలనకు కార్మికులను అప్పగించిన వోక్స్‌వాగన్ కంపెనీమీద కార్మిక సంఘాలు కదలగా, 2020లో ఆ కంపెనీ 3 కోట్ల 60 లక్షల రియాళ్లు చెల్లించడానికి అంగీకరించింది. పని స్థలంలో జరిగిన అన్యాయానికి కార్మిక సంఘాన్ని మించిన సాక్షి ఎవరు?

ఒక మాట మనకు మనం కూడా చెప్పుకోవాలి. సాక్షి బల్ల ఎక్కదలచినవాడు ముందు తన ఇంటి పుస్తకం తెరవాలి. 1974లో సమ్మెను వ్యతిరేకించిన సంఘాలున్నాయి. సమ్మెలో నిలిచి, ఏడాది తిరిగేసరికి ఎమర్జెన్సీని బలపరిచిన పార్టీ వెంట నడిచినవీ ఉన్నాయి. ఆ సమర్థన పొరపాటని భారత కమ్యూనిస్టు పార్టీ 1978 భటిండా మహాసభలో ఒప్పుకున్నది. తప్పు ఒప్పుకోవడంవల్ల ఏ సంఘమూ కూలిపోదు. మన మినిట్స్ పుస్తకాలు మనమే దాచుకుంటే, రైల్వే బోర్డు ఫైళ్లు తెరవమని అడిగే నైతిక హక్కు మనకుండదు.

కనుక చేయవలసినది స్పష్టం. నేటికీ 1974 అరెస్టుల సంఖ్య ఒకచోట 20,000 అని, మరొకచోట 50,000కు పైగా అని కనిపిస్తున్నది. ఆ నాడు పాతికేళ్ల యువకుడు ఈనాడు డెబ్బై అయిదు దాటిన వృద్ధుడు. అతనితోపాటు లెక్క కూడా కాటికి పోకముందే ప్రతి శాఖ తన పరిధిలోని 1974 బాధితుల పట్టీ తయారు చేయాలి. ఖరగ్‌పూర్‌లో తెలుగు, బెంగాలీ, హిందీ, ఒరియా, ఎవరి భాషలో వారి వాంగ్మూలం రాసుకోవాలి. కార్మికులనే కాదు, క్వార్టరు గుమ్మంలో పోలీసుకు ఎదురు నిలిచిన ఇల్లాండ్రనూ అడగాలి. తొలగింపు ఉత్తర్వులు, జైలు విడుదల చీటీలు, జీతం రసీదులు సేకరించి నకళ్లు భద్రపరచాలి. 2005 సమాచార హక్కు చట్టం కింద రైల్వే రికార్డులు కోరాలి. 14(ii) నిబంధనను రద్దు చేయాలన్న కోరికను ప్రతి కోర్కెల పత్రంలోను మొదటి వరుసలో ఉంచాలి. పౌరహక్కుల సంఘాలను, న్యాయవాదులను, చరిత్రకారులను ఈ పనికి ఆహ్వానించాలి. కాని పుస్తకం మన చేతిలోనే ఉండాలి.

ఇది పగ సాధింపు కాదు. ముదుసలి అధికారిని జైలుకు పంపితే కడుపు నిండుతుందని మేము అనుకోవడం లేదు. రేపు మరొక సమ్మె రాక తప్పదు, మరొక మే నెల రాక తప్పదు. ఆ రోజు అధికారి కలం తీసి "విచారణ సాధ్యం కాదు" అని రాయబోయే ముందు, ఆ రాతకు ఒకనాడు లెక్క చెప్పవలసి వస్తుందన్న భయం అతనికి ఉండాలి. ఆ భయాన్ని ఏ మంత్రీ కల్పించడు. కార్మికుని జ్ఞాపకం మాత్రమే కల్పించగలదు.

సోదర కార్మికులారా! మీ శాఖ పుస్తకంలో మొదటి పేరు ఈ వారమే రాయండి.